పిల్లల మాట రాసిపెట్టిన మా పద్మక్క

నిన్న పొద్దున మహబూబాబాద్ రోడ్డు మీద వంటావార్పు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలో ఉన్న టీచర్లమంతా అక్కడే. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, పద్మక్క ఇక లేదే. బ్రెయిన్ స్ట్రోక్ అంట."

సరే అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని మిగిలిన ఉల్లిగడ్డలు కూడా కోశాను.

ఎందుకు కోశానో తెలియదు. ఇంకా ఏడుపు రావడం లేదు. ఏం చేయాలో తోచక ఇది రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. పద్మక్క మా పెద్దమ్మ కూతురు. మాది జఫర్‌గఢ్. అక్క మహబూబాబాద్‌లో పిల్లల డాక్టర్.

జ్వరాలు, దగ్గులు అందరూ చూస్తారు. ఇక నయం కాదని పెద్ద ఆస్పత్రుల వాళ్లు ఇంటికి పంపేసిన పిల్లలు ఉంటారు కదా, అక్క వాళ్ల ఇళ్లకు వెళ్లేది. జనగామ నుంచి భూపాలపల్లి దాకా, ఎక్కడికైనా సరే.

వెళ్లి కింద కూర్చునేది. ఆయాసం ఎక్కువైతే ఏం చేద్దాం? మళ్లీ ఐసీయూకి పోదామా, ఇంట్లోనే ఉందామా? ఏది కావాలి, ఏది వద్దు? ముందు అమ్మానాన్నలను అడిగేది. తర్వాత ఆ పిల్లలనే అడిగేది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసేది. ఒక కాపీ కేస్ షీట్‌లో, ఒకటి వాళ్ల ఇంట్లో. డ్యూటీలో కొత్త డాక్టర్ ఉన్నా అది చూసి నడుచుకోవాలని.

"అక్కా, నువ్వు డాక్టరువా, దస్తావేజులు రాసేటామెవా?" అని ఏడిపించేవాణ్ణి.

"గుంట భూమికి కాగితం రాస్కుంటం. గింత బిడ్డకు రాస్తె తప్పా?" అనేది.

గంగారం దగ్గర ఒక తండాలో మంజుల అని ఒక పాప. పుట్టుకతోనే గుండె జబ్బు. ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. ఆ రోజు అక్కను నా బండి మీద తీసుకెళ్లాను.

అంతా రాశాక అక్క అలవాటు కొద్దీ ఇంకు ప్యాడ్ తీసింది. పాప నాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మా తాత గిట్లనే ఏలిముద్ర ఏసిండు. మా చెల్క భూమి పోయింది. ఇప్పుడు బిడ్డ మీద గూడ ఎయ్యాల్నా?"

అక్క మొహం చిన్నబోయింది. వెంటనే ప్యాడ్ బ్యాగులో పడేసింది.

"తప్పయింది నాయినా. మరి మీ తండాల మాట ఎట్ల ఖాయం జేస్కుంటరు?"

తండా పెద్ద, అంటే నాయక్ ముందు, నలుగురి ముందు చెబితే ఖాయమట. అయితే పిలవండి అంది అక్క. అందరూ వచ్చి కూర్చున్నారు. తల్లి వాళ్ల భాషలో చెబుతుంటే నాయక్ మాకు తెలుగులో చెప్పాడు. చివరికి పాపను అడిగారు.

సూదులు వద్దంది. ఇంట్లోనే, అమ్మ పక్కన పడుకుంటానంది. ఆస్పత్రిలో చిక్కులు పడ్డాయని జడ సగానికి కత్తిరించారట, మళ్లీ కత్తిరించొద్దంది.

అక్క జడ సంగతి కూడా రాసింది. అంతా పైకి చదివింది. నాయక్ తలూపాడు. ఆయాసం వస్తే వేయాల్సిన మందు చుక్కలు తల్లి చేత ఒకసారి కొలిపించి చూసింది.

కొన్నాళ్లకు మహబూబాబాద్‌లో రాస్తారోకో. మేమంతా రోడ్డు మీద ఉన్నాం. ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో మంజుల, ఊపిరి అందడం లేదు. నాన్న కూలి పనికి దూరం పోయి ఉన్నాడు. పెదనాన్న భయపడిపోయి వరంగల్ తీసుకెళ్తున్నాడు.

పేషెంట్ అంటే మేం ఎప్పుడూ ఆపం. పరుగెత్తి, రోడ్డుకు అడ్డం పెట్టిన రాళ్లు తీసేశాం. పెద్ద ఉపకారం చేస్తున్నామనుకున్నాను.

తల్లి నన్ను గుర్తుపట్టింది. అక్క రాసిన కాగితం చూపిస్తూ ఒకటే ఏడుపు.

"ఇంట్లనే ఉంట అన్నదన్నా. బిడ్డ ఇంట్లనే అన్నది. మా బావ మాట ఇంటలేడు, చుక్కలు గూడ ఎయ్యనిస్తలేడు."

ఆటో పక్కకు పెట్టించి అక్కకు ఫోన్ చేశాను. స్కూటీ మీద వచ్చింది. ముందు చుక్కలు వేసింది. పాపను తల్లి ఒళ్లో ఆనించి కూర్చోబెట్టింది. కాసేపటికి ఆయాసం కొంచెం తగ్గింది.

పెదనాన్నను ఒక్క మాట అనలేదు. ఆయనే అన్నాడు.

"దవాఖానకు గూడ తీస్కపోలేదని రేపు అందరు నా మొకాన ఉమ్మెయ్యరా డాక్టరమ్మా?"

"దవాఖానే నీ కాడికొచ్చింది గద నాయినా. జర కూసో. బిడ్డ ఏమన్నదో ఇందం."

మైకు బంద్ చేశాం. నడిరోడ్డు మీద అక్క ఆ కాగితం చదివింది. జడ సంగతి వచ్చేసరికి పెదనాన్న తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత డ్రైవర్‌తో "బండి మలుపు" అన్నాడు. ఆటో మళ్లీ గంగారం వైపు తిరిగింది. అక్క కూడా అందులోనే ఎక్కింది.

మంజుల ఆ వారంలోనే పోయింది. ఇంట్లో, అమ్మ పక్కన. జడ అలాగే ఉంది.

నిన్న సాయంత్రం జఫర్‌గఢ్‌లో అక్క అంత్యక్రియలు అయ్యాయి. సమ్మె వల్ల బస్సులు లేవు. అయినా మంజుల పెదనాన్న ఎవరి బండో అడిగి తెచ్చుకుని అంత దూరం వచ్చాడు. అక్క కాళ్లకు మొక్కి నా దగ్గరికొచ్చాడు.

తండాలో ఇంకో బాబుకు రక్తం జబ్బు. అక్క వస్తానని మాట ఇచ్చిందట.

"వాన్ని గూడ ఏం గావాల్నో అడుగుత అన్నది. ఇగ ఎవ్వలడుగుతరు సార్?"

చూద్దాం అన్నాను. నేను లెక్కల టీచర్‌ని. ఆ పిల్లాడి ఎదురుగా కూర్చుని ఆ మాట అడగడం నాకు రాదు.

పిల్లల డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మెసేజ్ పెట్టండి. తండాకు దారి నాకు తెలుసు. బండి మీద నేనే తీసుకెళ్తాను. బాబుకు ఎక్కువ టైం లేదు.

సెలవు పద్మక్కా. ఇక నీ ఫోన్ మోగదు. నిమ్మళంగా పడుకో.