ఒక పొయ్యి, రెండు ఖాతాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు వేసవిలో నన్ను ఉదయగిరి శాఖకు మేనేజరుగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. మా ఇల్లు ఆత్మకూరులో కాబట్టి పొద్దున బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాణ్ణి. చివరి పోస్టింగు కొండ కింద పడింది, హాయిగా కునుకు తీయవచ్చునని తోటి ఆఫీసర్లు ఆటపట్టించారు. కునుకు మాట దేవుడెరుగు, పంట రుణాలు, బంగారం మీద అప్పులు, మహిళా సంఘాల లావాదేవీలతో అక్కడ భోజనానికి లేవడమే గగనంగా ఉండేది.

వీటికి తోడు విదేశాల నుంచి వచ్చే జమలు. అలాంటి సొమ్ము ఖాతాలో వేసేటప్పుడు అది ఎందుకు వచ్చిందో తెలిపే కోడ్ ఒకటి వేయాలి. ఇంటికి పంపే డబ్బుకు వేసే కోడ్‌కు అర్థం 'కుటుంబ పోషణ'. నా సర్వీసంతా ఆ కోడ్ వేస్తూనే ఉన్నాను. అందులో కుటుంబమంటే ఎవరు, పోషణంటే ఏమిటి అని ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఆలోచింపజేసింది షాహీనా అనే అమ్మాయి.

ఉదయగిరి చెక్క చెంచాలకు పేరున్న ఊరు. షాహీనా అత్తవారిది ఆ పనివాళ్ళ కుటుంబమే. భర్త కరీముల్లా చేతిలో ఉన్న వడ్రంగం నమ్ముకుని జపాన్ వెళ్ళి, అక్కడ ఇళ్ళు కట్టే కంపెనీలో కుదిరాడు. వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది. అక్టోబరులో ఒకరోజు షాహీనా నా గదికొచ్చి, వీడియో కాల్‌లో ఉన్న భర్తను నా టేబుల్ మీద పెట్టింది. నేను ఫోనుకే నమస్కారం పెట్టాను.

అతను చెప్పింది ఇదీ. అక్కడ ఏడాది చివర్లో ఉద్యోగి కట్టాల్సిన ఆదాయపు పన్ను లెక్క కంపెనీయే తేలుస్తుంది. వేరే దేశంలో ఉన్న భార్యను తాను పోషిస్తున్నానని రుజువు చేసుకుంటే జీతంలో కొంత భాగానికి పన్ను తగ్గుతుంది. రుజువులు రెండు: పెళ్ళి పత్రం, ఆమెకు డబ్బు పంపినట్టు కాగితాలు. ఆమె సొంత సంపాదన ఒక హద్దు దాటకూడదు. షాహీనాకు చెంచాలు నునుపు చేసే పనిలో వచ్చేది ఆ హద్దుకు ఎక్కడో కింద ఉంది. నికానామా సిద్ధంగా ఉంది. చిక్కల్లా రెండో రుజువుతోనే, ఎందుకంటే రెండేళ్ళుగా అతను పంపిన ప్రతి రూపాయీ తల్లి మస్తాన్‌బీ ఖాతాలో పడింది.

"డబ్బులు మా ఆడమనిషికే అందినాయని ఒక లెటర్ ఇయ్యండి సార్," అన్నాడు కరీముల్లా. సెలవు దొరికిందట. జపాన్ పంపిన ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరుస్తున్నాడు గనక చేతిలో మిగిలేది లేదు. పన్ను తగ్గి ఆ సొమ్ము వెనక్కొస్తేనే టిక్కెట్టు, లేకపోతే ఇంకో ఏడాది అక్కడే. షాహీనా ఒక్క మాటే కలిపింది: "పాప నడక నేర్చింది గూడా ఆయన చూడలేదు సార్."

నాకు మనసులో కష్టంగానే ఉంది. కానీ విదేశీ సొమ్ము జమ పత్రం ఖాతా ఎవరిదో వాళ్ళ పేరుతోనే ఇస్తాం. తల్లి ఖాతాలో పడ్డదాన్ని భార్యకు అందిందని రాయడానికి ఏ మేనేజరుకూ చెయ్యి రాకూడదు. ఆ మాటే చెప్పి, షాహీనాకు మహిళా సంఘంలో చేరినప్పుడు తెరిచిన సొంత ఖాతా ఉంది కదా, దానికి ఎందుకు పంపలేదని అడిగాను. ఫోన్ పెట్టేశాక అమ్మాయి అసలు సంగతి చెప్పింది.

"అత్త ఉండంగా కోడలి పేరున డబ్బులొస్తే వేరుకాపురం పెట్టినారంటారు సార్. మాలో అట్ల పంపరు."

ఒక్క వాళ్ళలోనే ఏమిటి, ఆ పక్క ఊళ్ళల్లో ఏ కులమైనా, ఏ మతమైనా అంతే. దూరాన ఉన్నవాడు డబ్బు పంపితే ఇంటి పెద్దదిక్కు పేరునే పంపాలి. కోడలి పేరున పంపాడంటే పొయ్యిలు రెండయ్యాయని అర్థం. కరీముల్లా తల్లికి మర్యాద ఇచ్చాడు. ఆ మర్యాదే జపాన్‌లో అతనికి అడ్డం తిరిగింది. అక్కడి నియమం ప్రకారం ఒకరి పేరున ఎంత పంపినా ఆ ఒక్కరిని పోషించినట్టే లెక్క. ఇంట్లో ఎందరున్నా ఎవరి కాగితం వారికి ఉండాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక, నేను నిన్ను పోషిస్తున్నానా అని మా ఆవిడను అడిగాను. ముందా సంచిలో కూరగాయలు తీసిపెట్టి అప్పుడు అడగండి అంది. సంచి ఖాళీ చేస్తుంటే నాకు తట్టింది. ఒకరి పేరున పంపితే ఆ ఒక్కరిని పోషించినట్టే అయినప్పుడు, ఈ రెండేళ్ళూ కరీముల్లా తల్లిని పోషించినట్టే కదా! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ గురించి ఎవరూ అడగనే లేదు.

కంపెనీ ఆఫీసులో కనుక్కోమని కరీముల్లాకు చెప్పాను. మర్నాడే జవాబొచ్చింది. డెబ్భై దాటిన తల్లి అయితే ఆమెకూ పన్ను తగ్గింపు ఉంది. ఆమె పేరున వచ్చిన సొమ్ముకు బ్యాంకు పత్రం, ఆమె పేరున్న కొడుకు జనన పత్రం చాలు. పోయిన ఏడాదిది కూడా అడగవచ్చు. అయితే అదొక్కటే టిక్కెట్టుకు సరిపోదు. ఈ ఏడాదికి భార్యను కూడా కలపాలంటే డిసెంబరు దాటకముందే ఆమె ఖాతాకు విడిగా పంపడం మొదలుపెట్టాలి. రెంటికీ మస్తాన్‌బీ ఒప్పుకోవాలి. పత్రం కోసం అర్జీ మీద సంతకం పెట్టాల్సింది ఆమె. ఆమె కాదంటే కొడుకు కోడలికి విడిగా పంపడు.

కోడలిని వెంటబెట్టుకుని మస్తాన్‌బీ వచ్చింది. డెబ్భై దాటిన సన్నటి మనిషి, గట్టి గొంతు. చూపు మందగించినా వేలితో తడిమి గరుకుగా ఉన్న చెంచాను వెనక్కి విసిరేస్తుందని మా ప్యూను ముందే చెప్పాడు. నా మాట సగంలో ఉండగానే అందుకుంది.

"ఏంది సారూ, నా పానం ఉండంగానే ఇల్లు చీలుస్తారా? ఊరు ఏమనుకుంటాది?"

ఊరి సంగతి కాదమ్మా, జపాన్ సంగతి అన్నాను. అక్కడివాళ్ళకు మీ పొయ్యి కనపడదు, పేరే కనపడుతుంది, ఇప్పటిదాకా మీ పేరొక్కటే ఉంది అని విడమరిచి చెప్పాను.

"అయితే ఈ రెండేండ్లు నా కోడలు అన్నం తినలేదనా ఆళ్ళ లెక్క?"

వాళ్ళ లెక్కలో అంతే అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం నా మీదా కాదు, కోడలి మీదా కాదు. "తెల్లారేసరికి చెంచాలు రుద్దే ఆకురాయి పట్టుకునే మనిషి. నాకు మోకాళ్ళ నొప్పులొస్తే మంచం దిగనియ్యకుండా చూసింది. ఆ మనిషి లెక్కలో లేదా? అట్లయితే నాకొద్దు, అంతా దాని పేరునే పంపమను వాణ్ణి."

ఇప్పుడు కాదనడం షాహీనా వంతయింది. "అంతా నాకే వస్తే వచ్చే ఏడు నువ్వు లెక్కలో ఉండవు గదా అత్తా," అంది. అత్తాకోడళ్ళు నాకు కావాలంటే నాకు కావాలని బ్యాంకులో పోట్లాడుకోవడం ఎన్నోసార్లు చూశాను. నీకంటే నీకని పోట్లాడుకోవడం చూసింది మాత్రం ఆ ఒక్కరోజే. నాకు ముచ్చటేసింది. ఇద్దరికీ పంపించమని తీర్పు చెప్పి, అర్జీ మస్తాన్‌బీ ముందుకు జరిపాను. ఆమె ఉర్దూలో సంతకం పెట్టింది.

ఊరు మాత్రం ఊరుకోలేదు. షాహీనా ఖాతాలో మొదటి జమ పడిన వారానికే మస్తాన్‌బీ తమ్ముడు సీతారామపురం నుంచి పంచాయితీకి దిగాడు. అక్క ఇంటికి పోకుండా నేరుగా నా గదికొచ్చాడు. "కలిసుండే కాపురాన్ని విడగొట్టినావంట గదా సార్, నీకేం వచ్చింది?" అని నిలదీశాడు. ఖాతాదారుల విషయం బయటివాళ్ళకు చెప్పకూడదు గనక, మీ అక్కనే అడగండి అని మాత్రం అన్నాను. అడిగినట్టున్నాడు. సాయంత్రం బస్టాండులో నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

జపాన్‌వాళ్ళు తల్లికి రెండేళ్ళదీ, భార్యకు ఆ ఒక్క ఏడాదిదీ ఒప్పుకున్నారు. భార్య తాలూకు మొదటి ఏడాది పోయినట్టే, దానికి ఎవరూ చేయగలిగింది లేదు. అయినా టిక్కెట్టు వచ్చింది. ఎండాకాలం మొదట్లో కరీముల్లా పాపను చంకనేసుకుని బ్యాంకుకొచ్చాడు. పాప దిగుతానని గోల. దింపగానే కౌంటర్ల దాకా పరుగెత్తింది. అతను నాతో మాట్లాడుతున్నాడన్న మాటేగాని, కళ్ళు ఆ కాళ్ళ మీదే ఉన్నాయి.

నేను రిటైరయ్యేదాకా ప్రతి నెలా అత్తాకోడళ్ళు కలిసి వచ్చేవారు. రెండు చీటీలు రాసి, రెండు ఖాతాల్లో తీసుకునేవారు. నా గది కిటికీలోంచి బయటి మెట్లు కనపడతాయి. రెండు చేతుల్లోని డబ్బూ అక్కడే మస్తాన్‌బీ గుడ్డసంచిలోకి చేరేది. సంచి షాహీనా భుజానికి ఎక్కేది.

అప్పటి నుంచి విదేశం పోబోతూ ఖాతా కోసం వచ్చిన ప్రతివారినీ, మీ ఇంట్లో అన్నం తినేవాళ్ళు ఎవరెవరని అడిగి, అందరికీ తలా ఒక ఖాతా తెరిపించాను. వేరుకాపురం అంటారేమో సార్ అని నసిగినవాళ్ళకు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: విడివిడిగా పంపండి, కలిపి వండుకోండి.