ఆరు వేల దగ్గర ఎర్ర గీత

సౌదీలోని జుబైల్‌లో నా ఉద్యోగం తిరిగే యంత్రాలతో. కంప్రెసర్లు ఎక్కడ అదురుతున్నాయో, ఎందుకు అదురుతున్నాయో కొలిచి చెప్పాలి. నాకు ఆ పని నేర్పిన సౌదీ పెద్దాయన రిటైరయ్యాక సొంతంగా రెండు సీట్ల విమానం కట్టుకున్నారు. ఒకరోజు ఫోన్ చేసి, ఫుల్ స్పీడులో ప్రొపెల్లర్ ఏదో వింతగా మోగుతోంది, అదురు కొలిచే పరికరం తీసుకుని రమ్మన్నారు. శుక్రవారం నేనూ మా ఆయనా వెళ్లాం.

ఊరికి దూరంగా, ఫ్లయింగ్ క్లబ్బు రన్‌వే పక్కన రేకుల షెడ్డు. విమానం విడిభాగాల కిట్టుగా వచ్చిందే గానీ, ఇంజను మాత్రం పాత స్పోర్ట్స్ కారుది. రోటరీ ఇంజను. అందులో పిస్టన్లుండవు, మూడు మూలల రోటర్లు తిరుగుతుంటాయి. ఎంత వేగంగా తిప్పితే అంత బలమిస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఆయన అలాంటి కారే నడిపారట.

విమానం తోకను గొలుసుతో పికప్‌కు కట్టి, మధ్యలో క్రేన్లకు వాడే తూకం తగిలించాం. మా ఆయన పికప్‌లో బ్రేకు తొక్కి కూర్చున్నారు. ఇంజను నిమిషానికి ఆరు వేల చుట్లకు చేరేదాకా లాగుడు పెరుగుతూ వచ్చింది. ఆ తర్వాత తూకంలో అంకె కదల్లేదు. మోత మాత్రం మందపాటి గుడ్డ చింపుతున్నట్టు మారింది. అదురు పెద్దగా లేదు.

ఇంజను ఆపాక పెద్దాయనకు చెప్పాను. ప్రొపెల్లర్ రెక్కల కొసలు ధ్వని వేగానికి దగ్గరవుతున్నాయి, అక్కడి నుంచి పెంచే బలమంతా మోతకే పోతుంది, రెక్కల మీద భారమూ పెరుగుతుంది, చలికాలంలో ధ్వని ఇంకా నెమ్మదిస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది మరింత ముందే వస్తుంది అని. ఆయన గేర్‌బాక్సు ప్రొపెల్లర్ వేగాన్ని ఇంజను వేగంలో సగం దాకానే తగ్గిస్తోంది. ఆ పొడవు రెక్కలకు మూడో వంతుకు తగ్గించేది కావాలి.

"అయితే ఆరు వేలు దాటొద్దంటావా, బింతీ?" అన్నారు. బింతీ అంటే నా కూతురా అని. మొదటి నుంచీ నన్ను అలాగే పిలుస్తారు.

"ఈ గేర్‌బాక్సుతో దాటొద్దు సార్."

"ఈ ఇంజను పాడటం మొదలుపెట్టేదే అక్కడ," అన్నారు. మాకు గహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు పెట్టారు గానీ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

దారిలో మా ఆయన, "పాపం, పెద్దాయన మొహం చిన్నబోయింది. కాస్త మెల్లగా చెప్పాల్సింది," అన్నారు.

"రెక్క విరిగితే మెల్లగా విరగదు కదండీ," అన్నాను. అన్నానే గానీ, పెద్దాయన ఫోన్ రాని ప్రతి వారం మనసు పీకుతూనే ఉంది.

చివరికి ఫోన్ చేశారు. ప్రొపెల్లర్ రెక్కల వాలు తనే పెంచారట. రెక్క గాలిని ఎక్కువ కోస్తే ఇంజనుకు బరువెక్కి, నేల మీద ఉండగా దానంతటదే ఆరు వేల లోపు ఆగిపోతుంది. కానీ ఆ బరువుకు ఇంజను మరీ వేడెక్కుతోందన్నారు. ఆ తర్వాతి శుక్రవారాలన్నీ దానికే పోయాయి. ఆయన లాప్‌టాప్‌లో ఇంధనం కొంచెం పెంచేవారు, నిప్పురవ్వ పడే క్షణాన్ని కొంచెం వెనక్కి జరిపేవారు. నేను ఎగ్జాస్టు వేడి చదివి చెప్పేదాన్ని. నిలకడగా నడిచేసరికి ఎండలు ముదిరాయి. గాల్లో వేగం పెరిగితే ఇంజను మళ్లీ ఆరు వేలు దాటగలదు కాబట్టి, మీటరు మీద ఆ అంకె దగ్గర తనే ఎర్ర పెయింటుతో గీత పెట్టుకున్నారు.

ముందు ఆయన ఒక్కరే చాలాసార్లు ఎగిరారు. తర్వాత నన్ను కూర్చోమన్నారు. భయపడుతూనే ఎక్కాను. పైన ఆయన చెయ్యి థ్రాటిల్ మీదే ఉంది గానీ, ముల్లు ఒక్కసారీ గీత దాటలేదు. కాసేపటికి నాకూ ధైర్యం వచ్చి కిందికి చూశాను. ఇసుక మధ్య నల్లటి రోడ్డు, దాని పక్కన మా కారు, కారు నీడలో చెయ్యి ఊపుతున్న మా ఆయన.

పెద్దాయన ఈమధ్య మూడో వంతుకు తగ్గించే ఆ గేర్‌బాక్సు తెప్పించుకుంటున్నారు. అది ఇంకా కస్టమ్స్‌లోనే ఉంది.