కడుపులో ఇనుప గని

ఇనుప ఖనిజం తవ్వే ఊళ్లో ఉంటూ, నా కడుపులో కూడా ఇనుము పడిందని నమ్మిన ఘనుణ్ణి నేను. ఆ నమ్మకం నన్ను ఆసుపత్రి మంచం ఎలా ఎక్కించిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. విజయనగరం నుంచి రాష్ట్రం దాటి, హిందీ మాట్లాడే బచేలి వచ్చి గనిలో మెకానిక్‌గా చేరి ఆరేళ్లయింది. ఖనిజం మోసే డంపర్ల కింద దూరి దూరి నడుం పట్టేసింది. నాతో పనిచేసే ముత్తయ్యది సరిహద్దున కోంట దగ్గరి తెలుగు పల్లె. "ఏందన్నా, ముసలోని లెక్క వంగినవ్? గీ గోలీ ఏస్కో" అంటూ జేబులోంచి నొప్పి మాత్ర తీసిచ్చాడు. వేసుకున్నాను. అరగంటలో కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డాను.

ఇంకేం! రోజూ షిఫ్టుకి బయల్దేరేముందు పరగడుపున ఒక మాత్ర, దానిమీద పాలు లేని లాల్ చాయ్, ఆపైన సిగరెట్టు. నా భార్య కుమారి చూస్తూ ఊరుకునే మనిషి కాదు.

"ఏటండీ అది, పిప్పరమెంటు చప్పరించినట్టు! డాక్టర్ని అడిగారేటి? రోజూ వేసుకుంటారా ఎవరైనా?"

"గనిలో పనిచేసేవాడిది ఇనుప కడుపే. నీకెందుకు దిగులు?"

నెల తిరిగేసరికి ఆ ఇనుప కడుపు కొలిమిలా మండడం మొదలెట్టింది. విచారణ జరిపాను. ముద్దాయి ఆవకాయ అని తేల్చి, అత్తగారు పంపిన జాడీని పక్కింటికి సాగనంపాను. మాత్రల మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు.

ఒక పొద్దున చూసుకుంటే విరేచనం తారులా నల్లగా ఉంది. మీరైతే భయపడేవారు. నేను పొంగిపోయాను.

"కుమారీ! ఆరేళ్లుగా మింగిన ఖనిజం దుమ్మంతా బయటికి పోతోంది!"

"ఆరేళ్లూ లేనిది ఇవాళే గుర్తొచ్చిందేటి దానికి? పదండి ఆసుపత్రికి."

"రాను. ఏం చేస్తావో చేసుకో!"

ఆమె ఏమీ చేయనక్కర్లేకపోయింది. మూడోనాడు సంతలో బేరమాడుతూ, కళ్లు తిరిగి టమాటాల బుట్టలో పడ్డాను. నా చొక్కా నిండా ఎరుపు చూసి జనం రక్తమని కేకలు వేశారు. అసలు రక్తం లోపల పోతోందని ఎవరికి తెలుసు?

"మాత్రలేమైనా వాడుతున్నావా?" అని ఆసుపత్రిలో నేను కళ్లు తెరవగానే హిందీలో అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, లేదు."

కుమారి నా జేబులోంచి మాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టింది. నేను తగ్గలేదు, ఖనిజం సిద్ధాంతం అందుకున్నాను. డాక్టరమ్మ ఓపిగ్గా విని, రక్తపరీక్ష కాగితం నా ముందు పెట్టింది.

"ఒక రకంగా నువ్వన్నది నిజమే. పోయేది ఇనుమే. గనిది కాదు, నీ రక్తంలోది. ఈ మాత్రలు నీ కడుపులో పుండు చేశాయి, సిగరెట్టు దాన్ని మాననివ్వలేదు. ఆ నలుపు పుండులోంచి కారిన రక్తమే. ఇంకా ఆగి ఉంటే ఈ సిద్ధాంతం చెప్పడానికి నువ్వుండేవాడివి కాదు."

కుమారి అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. అప్పుడు వేసింది నాకు భయం.

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయునదేమనగా: నడుం రెండు ముక్కలైనా సరే, డాక్టరు రాయని మాత్ర ముట్టను. పొగ తాగను. పిరికివాడని ఎవరైనా అంటే నా ముఖం మీదే అనమనండి, అవునంటాను. నా రోగానికి నేనే పేరు పెట్టుకునే అధికారాన్ని ఈ క్షణం నుంచీ వదులుకుంటున్నాను. దాన్ని కుమారి ఎప్పుడో లాగేసుకుందన్నది వేరే సంగతి.