స్కూటరుకి ఊపిరి

సింహాద్రి మేస్త్రి ఎవరింటికెళ్ళినా ముందు మనుషుల్ని చూడడు. గోడ పైఅంచున వెంటిలేటర్ ఉందా లేదా చూస్తాడు. ఉంటే కూర్చుంటాడు. లేకపోతే గడప అవతలే నిలబడి మాట్లాడతాడు, టీ కూడా ముట్టడు.

కూతురి సంబంధానికి పద్మనాభం ఊరు వెళ్ళొచ్చాడు. "అబ్బాయెలగున్నాడు?" అని భార్య పోతమ్మ అడిగింది.

"రెండున్నాయే. తూరుపొకటి, పడమరొకటి."

పెళ్ళయింది. అల్లుడి ముఖం తాను సరిగ్గా చూసింది పీటల మీదే అని ఆయనే చెబుతాడు.

గాజువాకలో మా ఇల్లు కట్టింది ఆయనే. పక్కింటికీ మాకూ మధ్య మూడడుగుల సందు. స్కూటరు వానకు తడుస్తోందని, సందు మీద రేకు వేయమన్నాను.

"నాను ఎయ్యను బావా."

"ఎందుకు?"

"స్కూటరుకి ఊపిరాడద్దేటి?"

"అది మనిషా?"

"మనిషి కాదనేసి మూసేత్తావా?"

టీ సగంలో వదిలేసి లేచాడు. సోమవారం వేరే మేస్త్రి వస్తాడని వెనక నుంచి అరిచాను.

పని మొదలయ్యే ముందు పక్కింటి వరహాలమ్మకు ఒక మాట చెబుదామని వెళ్ళాను. మోకాళ్ళు అరిగాక ఆమె ఇల్లు కదలదు. చీరలకు ఫాల్ కుడుతుంది. నేలమీద పలకంత ఎండ ముక్క. దాని పక్కనే పీట. ఎండ జరిగితే పీట జరుగుతుంది.

"లైటేసుకోవచ్చుగా వరహాలమ్మా?"

"లైటుకి దారం రంగు తెల్దు బాబూ. నీలం, నలుపు ఒక్కనాగే ఉంటాయి. మొన్న ఒక చీర తిరిగొచ్చేసింది. సింహాద్రి ఆదివారం వచ్చి, గోడ తొలిచి అది పెట్టినాడు. టీ తాగి ఎల్లిపోనాడు."

తలెత్తి చూశాను. వెంటిలేటర్లోంచి సందు మీది ఆకాశం కనిపిస్తోంది. సరిగ్గా నా రేకు రావలసిన చోటు.

నేను వచ్చిన పని చెప్పలేదు. కొత్త మేస్త్రిని వద్దని, సింహాద్రికి ఫోన్ చేశాను. వచ్చాడు, ముందు గోడ పైకి చూశాడు, తర్వాత నన్ను.

"ముందే చెప్పొచ్చుగా సింహాద్రీ?" అన్నాను.

"సెప్తే, 'పాపమని రేకు వదిలేశాను' అని వీధంతా సెప్తావు. ఆవిడికి పాపం అంటే పడదు."



బయట వాన మొదలైంది. సందులో స్కూటరు నిండా తడుస్తోంది. సింహాద్రి దానివైపు తృప్తిగా చూశాడు.

"సూసినావా? ఎంత హాయిగా పీలుస్తందో!"

ఒక టీ తాగి, ఆ రోజు వదిలేసిన సగం కూడా అడిగి పోయించుకున్నాడు.