చప్పుడు లేని బండి

మొన్న సిద్దిపేట కోమటి చెరువు కట్ట దగ్గర నాలుగు సిలిండర్ల బైకొకటి వచ్చి నా పక్కన ఆగింది. దాని చప్పుడు పట్టుచీర నలిగినంత. వేడెక్కిన ఇంజన్ ఆయిల్ వాసనకు బాపు గుర్తొచ్చాడు.

ఐదో తరగతిలో మా గొప్పలన్నీ ఇంజన్ల మీదే. రెండు సిలిండర్లు పక్కపక్కనుంటే గొప్ప, ఇంగ్లిషు ‘వీ’ అక్షరంలా విచ్చుకుంటే ఇంకా గొప్ప, నాలుగు వరుసగా ఉంటే అసలు చప్పుడే ఉండదట. మా బాపు బండికి నాలుగని చెప్పేశాను. ఉన్నది ఒకటే, తక్కిన మూడూ నా నోట్లో ఉండేవి. దాని డుగుడుగు పక్క ఊరు నంగునూరు దాకా వినబడేది.

పేరెంట్స్ మీటింగ్ రోజు భయమేసింది. "బాపూ, బడి కాడ బండి చప్పుడు చెయ్యొద్దన్నరు సార్లు" అన్నాను. గేటుకు కాస్త దూరంలోనే ఇంజన్ ఆపేస్తే చాలనుకున్నాను.

బాపు మూలమలుపు నుంచే ఎండలో బండిని తోసుకుంటూ వచ్చాడు. అంగీ అంతా తడిసింది.

"పెట్రోల్ అయిపోయిందా మామా?" అడిగాడు నా దోస్తు రఫీ.

"లేదు బిడ్డా, మీరు సదువుకుంటున్రు గదా. ఆగం జేసుడెందుకని."

మీటింగయ్యాక మళ్ళీ తోసుకుంటూనే వెళ్ళాడు. పరుగెత్తి, ఇక స్టార్ట్ చెయ్యమని చెప్పొచ్చు. రఫీ పక్కనే ఉన్నాడని కిటికీ దగ్గరే నిలబడి చూశాను.