వెనక చెక్కిన బ్యాటు

నంద్యాలలో మా అబ్బాయికి బ్యాటు కొనడానికి పోతే, అంగడాయన ఒకటి తిరగేసి చూపించాడు. దాని వెనకవైపు చెక్క తొలిచి ఉంది. "కొత్త డిజైను అక్కా, బరువుండదు," అన్నాడు. అవిసె నూనె వాసన గుప్పున కొట్టింది.

అలాంటి బ్యాటును నేను చిన్నప్పుడే ఆళ్లగడ్డలో చూశాను. వడ్రంగి పని చేసే మా నాయన, మా అన్న కోసం వేపచెక్కతో చేశాడు. ఆ ఏడు అన్న జబ్బుపడి బడి మానేశాడు. సాయంత్రాలు పెరట్లో స్టూలు మీద కూర్చుని ఆడేవాడు, నేను బంతి వేసేదాన్ని. వారం వారం నాయన ఆ బ్యాటు వెనక ఇంకాస్త చెక్క తీసి, మళ్లీ అవిసె నూనె పూసేవాడు.

"ఏంది నాయనా, మళ్లీ చెక్కుతాండావ్?"

"బరువు తగ్గితే బంతి దూరం పోతాది పాపా," అనేవాడు తలెత్తకుండా.

నేను నమ్మాను. మా నాయన కొత్త రకం బ్యాటు కనిపెట్టాడని వీధంతా చెప్పుకున్నాను. అన్న కొట్టిన బంతి మాత్రం నా కాళ్ల దాకా కూడా వచ్చేది కాదు. నీకు ఆడటం రాదని మొహం మీదే అనేశాను.

అన్న పోయాక ఒకరోజు ఆ బ్యాటుతో బంతిని గట్టిగా కొట్టాను. మొదటి దెబ్బకే చీలిపోయింది. నాయన తిడతాడని ఏడ్చాను. ఆయన ముక్కలు ఏరి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది కొట్టేదానికి చేసింది కాదు పాపా," అన్నాడు. "మీ అన్న ఎత్తేదానికి చేసింది."

అంగడాయన చేతిలోది పక్కన పెట్టించి, ఉన్నవాటిలో బరువైన బ్యాటు ఇమ్మన్నాను.