పొగడ బెరడు కషాయం

మొన్న చంద్రపూర్‌లోని తుకుం పేటలో పళ్ల డాక్టరు నా వాచిన చిగుళ్లు చూసి, పుక్కిలించడానికి ఒక మందు రాసిచ్చాడు. ఇంటికొచ్చి సీసా మూత తీస్తే, పుదీనా ఘాటు వెనక, నాకు బాగా తెలిసిన వగరు వాసన సన్నగా తగిలింది. అట్ట మీద పొగడ పువ్వు బొమ్మ ఉంది.

రాజురా దగ్గర మా తాతల నాటి దొరల బంగళా, మా గడి ముందు ఒక పొగడ చెట్టు ఉండేది. ఏ కాలంలోనూ ఆకు రాల్చి బోసిపోయేది కాదు. ఆ పని మా గడి చేసేది, ఏడాదికో గోడ చొప్పున. భూములు పోయాయి, నౌకర్లు పోయారు. మిగిలింది నేనూ, భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మా మేనత్తా. అయినా పొద్దున్నే వాకిట్లో జనం ఉండేవారు. చిగుళ్లు వాచినవాళ్లకు అత్త పొగడ బెరడు కషాయం పోసేది. ముత్తాత చేత్తో నాటిన చెట్టు కనుక దానికే ఆ గుణమని చుట్టుపక్కల ఊళ్లన్నీ నమ్మేవి. మేమూ నమ్మేవాళ్లం. పైసా తీసుకునేవాళ్లం కాదు. వచ్చినవాళ్లు చెప్పుకునే కష్టసుఖాలే అత్తకు రోజంతటికీ తోడు.

చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు కొత్తగా లేస్తున్న రోజుల్లో, చంద్రపూర్ నుంచి కెమిస్ట్రీ లెక్చరరు ఒకాయన వచ్చి బెరడు అడిగాడు. అందులోంచి వాపు తగ్గించే పదార్థాలను వేరుచేసి ఎలుకల మీద పరీక్షిస్తానన్నాడు.

"ఎలుకలకు గూడ పండ్లు గుంజుతయా సారూ?" అంది అత్త.

కొన్ని నెలలకు ఆయన వేలెడంత గాజు గొట్టంలో చిటికెడు తెల్లటి పొడి తెచ్చి చూపించాడు. ఎలుకల కాళ్ల వాపు తగ్గిందట. నా వెన్ను ఇంకాస్త నిటారైంది. అంతలోనే ఆయన సంతోషంగా, "పోల్చి చూద్దామని బస్టాండు కాడి పొగడ బెరడు గూడ తీసిన అమ్మా. దాంట్ల గూడ గింతే ఉంది," అన్నాడు.

ఆయన వెళ్లాక, ఆ ముచ్చట గడప దాటనీయొద్దన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "మనింట్ల అబద్ధం పోసిచ్చుడు ఎన్నడన్న ఉన్నదా అల్లుడా?"

మర్నాటి నుంచి ఎవరొచ్చినా కషాయం పోస్తూనే చెప్పేది: "గింత దూరం ఎందుకు నడుస్తరవ్వా? మీ ఊరి పొగడ చెక్క కాగబెట్టుకోండ్రి, గంతే గుణం." వాళ్లు విన్నారు. మా ఇంటి మాట ఎప్పుడూ వినేవాళ్లే. వానాకాలానికల్లా వాకిలి ఖాళీ అయింది.

అయినా అత్త పొద్దున్నే కుండెడు కషాయం కాచి, గడప మీద కూర్చుని దారి చూసేది. నేను గమనిస్తే, రాలిన పూలు ఏరుతున్నట్టు వంగేది. ఒకరోజు గ్లాసు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను.

"ఏంది, పండ్లు గుంజుతున్నయా?"

"కొద్దిగ."

నా పళ్లు అప్పుడు రాళ్లలా ఉండేవి. మర్నాడు, "తక్కువైందా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఆమె పోయేదాకా నాకు ఆ నొప్పి తగ్గలేదు.

ఇప్పుడు నిజంగానే నొప్పి. సీసా మందు బాగానే పనిచేస్తోంది, అబద్ధమెందుకు. పుక్కిలించి ఉమ్మేశాక కూడా కాసేపు అక్కడే నిలబడతాను. తగ్గిందా అని అడిగే మనిషిని ముందే తీసుకుపోయి, కాలం నొప్పిని ఇంత ఆలస్యంగా తెచ్చిచ్చింది.